అక్కడి నుంచి ఫోను

పిల్లలు పైజామాలతోనే నీళ్ళలోకి దూకాలట. ఈత దుస్తుల్లో కాదు, రాత్రి పడుకునేటప్పుడు వేసుకునే బట్టల్లో. పడవ మునిగినప్పుడు ఎవడి ఒంటి మీదా ఈత దుస్తులు ఉండవు కదా అని కోచ్ లిమ్ పోయిన వారం చెప్పినప్పుడు గోపీకృష్ణకి నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. సింగపూర్‌లోని ఆంగ్ మో కియో ఈతకొలను పక్కన సిమెంటు మెట్ల మీద, కూతురి టవలు ఒళ్ళో పెట్టుకుని, ఫోను గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. చెమటకి ఫోను జారుతోంది. చేయి మార్చుకున్నాడు, ఉండచుట్టిన టవలు అంచుతో ఫోను తుడిచాడు, తుడుస్తూ ఏ మీట అయినా నొక్కానా అని భయపడి మళ్ళీ చూశాడు. భార్య ఆఫీసు నుంచి రంగనాథ్ పంపిన మెసేజీ అలాగే ఉంది. కార్లు గెస్ట్ హౌస్ నుంచి బయల్దేరాయి, ఎయిర్‌పోర్టు చేరగానే చెబుతాను. ఎయిర్‌పోర్టు ఎంత దూరమో గోపీకృష్ణకి తెలుసు. ఉదయశ్రీ చెప్పింది, ముప్పావు గంట దారి అని. ఆ ముప్పావు గంట అతను తమ ఫ్లాట్ల బ్లాక్ కింద బస్సు ఎక్కి, కీర్తికని కొలను దగ్గర దింపి, ఆమె తల మీద రబ్బరు టోపీ లాగి తొడిగేలోపే అయిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది దాని తరవాతి కాలం. దీనికి లెక్క ఎవరూ చెప్పలేదు.

ఉదయశ్రీ అక్కడికి వెళ్ళి నెల దాటింది. అక్కడ అనే అంటారు ఇంట్లో. అట్లాంటిక్ ఒడ్డున ఆఫ్రికా దేశం, ఫ్రెంచి వాళ్ళు పలికే తీరు ఒకటి, రాసే తీరు ఇంకొకటి, గోపీకృష్ణకి ఆ పేరు పలకడానికి నోరు తిరగదు. కంప్యూటర్లన్నీ కొత్త శతాబ్దంలోకి అడుగుపెట్టగానే ఆగిపోతాయని ప్రపంచం హడలిపోయి తెలుగువాళ్ళని విమానాల నిండా తెప్పించుకున్న రోజుల్లో వాళ్ళిద్దరూ సింగపూర్ వచ్చారు. అప్పుడు అక్కడ అంటే ఆమెకి కడప, అతనికి నిడదవోలు. అక్కడ వానలు పడ్డాయా, అక్కడ మామిడికాయలు వచ్చాయా. కంప్యూటర్లు ఆగలేదు, వాళ్ళూ తిరిగి వెళ్ళలేదు, ఒక ప్రాజెక్టు అయితే ఇంకొకటి, ఒక కాంట్రాక్టు తరవాత ఇంకొకటి, కీర్తిక పుట్టింది, ఫ్లాటు కొన్నారు, అక్కడ అనే మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు నెల్లాళ్ళుగా ఆ మాట లేచి వేరే చోట కూర్చుంది. అక్కడ కాల్పులు ఆగాయా, అక్కడ ఫోన్లు పనిచేస్తున్నాయా. నిన్న అన్నం తింటూ కీర్తిక స్పూను ఆపి, "విచ్ అక్కడ, నాన్నా?" అని అడిగింది. అతను పప్పు వడ్డించాడు.

వెళ్ళేముందు ఇద్దరికీ సంతోషమే. అల్యూమినియం చేసే బాక్సైటు తవ్వే కంపెనీ, గోదాముల్లో సరుకు లెక్క చూసుకునే సాఫ్ట్‌వేర్ పెట్టించుకుంటోంది, ఉదయశ్రీ లాగా ఆ పని తెలిసినవాళ్ళు వాళ్ళ ఆఫీసులో ఇంకెవరూ లేరు. నాలుగు వారాల పని. మొదట్లో ఫోనులో ఆమె గొంతు కొత్త బళ్ళో చేరిన పిల్ల గొంతులా ఉండేది. మట్టి ఎంత ఎరుపో గోపీ, మా యర్రగుంట్ల మట్టి దీని ముందు తెల్లగా కనిపిస్తాది. ఆ ఎర్రమట్టే సొమ్మట. కొండని పై నుంచి చెక్కుకుంటూ పోతారు, రైలుకి ఎక్కిస్తారు, రైలు ఊరి మధ్యలోంచి పోయి ఓడ దగ్గర ఆగుతుంది. రైలు పోతున్నంతసేపూ ఇళ్ళు అదురుతాయి, ఆ ఇళ్ళలో దీపం ఉండదు. చీకటి పడితే పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఎయిర్‌పోర్టు కార్ల పార్కింగుకి పోతారట, ఊరంతటిలో కరెంటు పోనిది అక్కడొక్కచోటే, ఆ దీపాల కింద నేల మీద కూర్చుని చదువుకుంటారట. గోపీకృష్ణ ముందున్న రెయిలింగు మీద చెయ్యి వేశాడు. అల్యూమినియం. ఎండకి కాలుతోంది. ఇది ఏ కొండదో. ఇక్కడ కొండా లేదు, గనీ లేదు, తాగే నీళ్ళు పక్క దేశపు జొహోర్ నుంచి రావాలి, ఇసుక ఇండోనేషియా నుంచి రావాలి, మొన్న అదీ ఆపేశామన్నారని పేపర్లో గోల. జురాంగ్ ఐలాండ్ అంతా సముద్రంలో పోసిన మట్టే, నూనె చుక్క పుట్టని నేల మీద నూనె కర్మాగారాలు రాత్రీపగలూ వెలుగుతుంటాయి. ఏమీ లేని చోట కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయి, పిల్లలకి మునగకుండా ఉండటం నేర్పడానికి ఇంత కొలను నీళ్ళు. అన్నీ ఉన్న చోట బియ్యం బస్తా ధర పెరిగిందని మొదలైంది గొడవ. ధర తగ్గించమన్నారు, తరవాత పాలించేవాడు దిగిపోవాలన్నారు, ఆయన దిగనన్నాడు, సమ్మె అన్నారు, దుకాణాలు మూశారు, ఒకరోజు ఊరేగింపు మీద కాల్చారు. ఉదయశ్రీ ఆ రోజు ఫోన్ చేసి మామూలుగా మాట్లాడింది. కీర్తిక హోంవర్క్ సంగతి అడిగింది. మధ్యలో ఏదో చప్పుడు, ఎండుకంప విరిచినట్టు. ఏంటది అంటే, ఏంలేదబ్బా, దూరంలే, అంది.

ఢమఢమ మోగింది. గోపీకృష్ణ ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది. పక్క వీధి ఫుడ్ సెంటర్ దగ్గర సింహం ఆట డప్పులు. చైనీస్ న్యూ ఇయర్ సెలవులు అయిపోయి ఇవాళే దుకాణాలు తెరుస్తున్నారు, తెరిచేటప్పుడు సింహం వేషగాళ్ళని పిలిచి ఆడిస్తారు, ఏడాదంతా శుభం జరగాలని. ఏటా వినే డప్పులే. కీర్తిక చిన్నప్పుడు ఆ సింహాన్ని చూసి భయపడితే ఉదయశ్రీ ఎత్తుకుని, లోపల ఇద్దరన్నలు ఉండారు చూడు, కాళ్ళు చూడు, బూట్లేసుకున్నారు, అని చూపించింది. భయపెట్టేదాన్ని దగ్గరికెళ్ళి కింద నుంచి చూడటం ఆమె అలవాటు. అక్కడ కూడా అలాగే చూసింది. మార్కెట్లో ఎర్ర కాడల ఆకు కట్టలు చూసి కారు ఆపించి, దిగి, ఆకు తుంచి నమిలింది. గోంగూర. కారు నడిపే ఇబ్రహీమా పగలబడి నవ్వాడట. ఆయనకి ఫ్రెంచి వచ్చు, ఆమెకి రాదు, ఆమెకి వచ్చినవేవీ ఆయనకి రావు, అయినా మర్నాడు ఆయన భార్య వేరుశనగలు నూరి ఆ ఆకుతో వండిన కూర డబ్బాలో తెచ్చిచ్చాడు. ఆ సంగతి చెప్పడానికే ఆ రోజు రెండుసార్లు ఫోన్ చేసింది. రోజూ పొద్దున గెస్ట్ హౌస్ నుంచి ఆఫీసుకి, సాయంత్రం ఆఫీసు నుంచి గెస్ట్ హౌస్‌కి ఆయనే. రోడ్డుకి అడ్డంగా టైర్లు తగలబెట్టిన రోజున వేరే సందుల్లోంచి తిప్పి తెచ్చింది కూడా ఆయనే. తరవాత సైనిక పాలన అన్నారు, రోజులో కాసేపు తప్ప కర్ఫ్యూ, ఇంటర్నెట్ పోయింది, విమానాలు ఆగాయి.

గోపీకృష్ణ చేయగలిగింది చదవడం. ప్రతి ప్రభుత్వమూ తన మనుషుల కోసం ఒక పేజీ రాసి పెడుతుంది, ఆస్ట్రేలియా వాళ్ళదీ ఇంగ్లండు వాళ్ళదీ అమెరికా వాళ్ళదీ అన్నీ చదివాడు, ఆఫీసులో చదివాడు, ట్రైనులో ప్రింటు తీసుకున్న కాగితాల మీద చదివాడు. ఊరేగింపులకి దూరంగా ఉండండి. వంతెనలకి ఫోటోలు తీయకండి. కార్ల తలుపులు లాక్ చేసి ఉంచండి. తనిఖీల దగ్గర వాదించకండి. అనవసర ప్రయాణాలు మానుకోండి. ఏది అనవసరం, ఏది అవసరం, వెళ్ళేముందు ఎవరికి తెలుస్తుంది, గోదాములో ఎన్ని బోల్టులు ఉన్నాయో కంప్యూటరు చెప్పడం ఎవరికి ఎంత అవసరం. మన ఎంబసీ ఆ దేశంలో లేదు, పక్క దేశంలో ఉంది. అక్కడి ఆయన మంచివాడు, తమిళాయన, పేరు రాసుకున్నాడు, రోడ్లు మూసి ఉన్నాయి సార్, మేమూ రేడియోనే వింటున్నాం అన్నాడు. ఉదయశ్రీ మేనేజరు రంగనాథ్ కూడా చెడ్డవాడు కాదు. హైదరాబాదు మనిషి, రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తాడు, చేసిన ప్రతిసారీ సెక్యూరిటీ కంపెనీ చూసుకుంటోంది గోపీ, వాళ్ళకి ఇది రోజూ ఉండేదే అంటాడు. ఆ సెక్యూరిటీ కంపెనీ లండన్లో ఉంది. దాని నంబరుకి ఫోన్ చేస్తే ఒక ఆడమనిషి ఎత్తుతుంది, ఎంత మర్యాదగా మాట్లాడుతుందంటే గోపీకృష్ణకి ఇంక అడగడానికి ఏమీ మిగలదు. మీ ఆందోళన మాకు అర్థమవుతోంది సార్. అర్థమయ్యాక ఏం చేస్తారు. ఒకరి నుంచి ఒకరికి, లండన్ నుంచి రంగనాథ్‌కి, రంగనాథ్ నుంచి తనకి, మాట వస్తుంది తప్ప మనిషి రావడం లేదు.

"అమ్మాయి ఇంకా టూరు నుంచి రాలేదా బాబూ?"

భానుమతిగారు. మనవడు లోహిత్‌ని తీసుకుని వస్తుంది ప్రతి వారమూ, కూతురి కాపురం ఈ పక్క బ్లాకులోనే. రేపో ఎల్లుండో వచ్చేస్తుందండి అన్నాడు. ఆమె చేగోడీల డబ్బా మూత తీసి ముందుకు తోసింది. ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు, నమిలాడు, ఎటూ దిగదు, నోట్లోనే ఉంచుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు అతను. చెబితే ఇక్కడి తెలుగువాళ్ళందరూ మంచివాళ్ళే, సాయంత్రానికి ఇంటికి వస్తారు, కూరలు తెస్తారు, సోఫాలో వరుసగా కూర్చుంటారు. అలా కూర్చోవడం ఎవరు పోయినప్పుడు చూశాడో గుర్తొస్తుంది, అందుకని చెప్పలేదు. ఫోను మోగింది. చేగోడీ గొంతుకి అడ్డం పడింది. తెర మీద ఇండియా నంబరు, అత్తగారు లలితకుమారి.

"ఏం నాయనా, బాగుండారా? శ్రీ ఫోను ఎత్తడం లేదే మూడు దినాల నుంచి."

అక్కడ లైన్లు సరిగా లేవత్తయ్యా, పని ఒత్తిడి, రేపు ఎల్లుండిలో బయల్దేరుతుంది అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మకపోవడానికి ఏముంది, తెలుగు టీవీలో ఆ దేశం మాట ఒక్కసారి కూడా రాలేదు, ఎన్ని చానెళ్ళు ఉన్నా అంత దూరపు చావు ఎవరికీ వార్త కాదు. ఆమె బిడ్డకి తలనొప్పి మాత్రలు పంపాలా అని అడుగుతోంది, అతను ఊ కొడుతున్నాడు, ఊ కొడుతూనే లోపల ఒకటే అనుకుంటున్నాడు, పెట్టేయండత్తయ్యా, ఈ నిమిషంలో ఉదయ చేస్తుంటే ఎంగేజ్ వస్తుంది, ఒక్కసారే దొరుకుతుంది లైను, పెట్టేయండి. పెద్దామెకి అది ఎలా చెప్పాలి. చివరికి ఆమే పెట్టేసింది. తప్పిన కాల్స్ ఏమైనా ఉన్నాయా అని చూశాడు. లేవు. లేవు అన్నది మంచిదో కాదో తేలలేదు.

ఈల మోగింది. పిల్లలు వరుసగా లోతు వైపు గట్టున నిలబడ్డారు, పూల పైజామాలు, గీతల పైజామాలు, లోహిత్‌ది మోకాళ్ళ దగ్గర చిరుగు. కీర్తిక నాలుగోది. వాళ్ళమ్మ కొన్న పసుపుది అతను మధ్యాహ్నం వెతికాడు, దొరకలేదు, తన పాత కాటన్ షర్టు తొడిగి బొత్తాలు పెట్టి పంపాడు, అది తొడల దాకా వేలాడుతోంది. దూకి, నీళ్ళలో నిలబడి, ఒంటి మీది బట్ట విప్పి, దానిలో గాలి పట్టి, తేలాలి. అదీ పరీక్ష. లిమ్ చెయ్యి ఊపాడు. కీర్తిక ముక్కు పట్టుకుని దూకింది. నీళ్ళు మూసుకున్నాయి. తెల్ల షర్టు నీళ్ళలో ఉబ్బి ముఖం మీదికి వచ్చింది, చేతులు రెండూ షర్టులోనే ఉండిపోయాయి, తల కనపడలేదు. గోపీకృష్ణ లేచాడు. ఎప్పుడు దిగాడో, మెట్లు దిగి పసుపు గీత దాకా వచ్చాడు. లిమ్ తల తిప్పకుండానే అరచెయ్యి చూపించాడు, అక్కడే ఆగమని. ఆ గీత దాటి తల్లిదండ్రులు రాకూడదు. ఆగాడు. బొత్తాలు. అన్నీ పెట్టాడు తనే మధ్యాహ్నం, మెడ దాకా. ఉదయ ఉంటే పెట్టేది కాదు. ఉదయ ఎక్కడ ఉంది ఇప్పుడు, ఏ రోడ్డు మీద, కారు తలుపు లాక్ చేసి ఉందా, వాదించకు, ఏమడిగితే అది ఇచ్చేయి, గాజులు ఇచ్చేయి, చేతులు బయటికి తీయి తల్లీ, ముందు చేతులు తీయి. ఇద్దరిలో ఎవరితో అంటున్నాడో అతనికే తెలియడం లేదు. లిమ్ పొడవాటి కర్ర చేతిలో పట్టుకుని నీళ్ళనే చూస్తూ నిలబడి ఉన్నాడు, కర్ర దించడేం, ఇంకా ఎందుకు దించడు. తల పైకొచ్చింది. దగ్గింది. ఒక చెయ్యి వచ్చింది, తరవాత రెండోది. షర్టు నెత్తి మీదుగా లాగేసి గాల్లో విసిరి నీళ్ళ మీద పరిచి పట్టుకుంది, అది బుడగలా లేచింది, దాని మీద గడ్డం ఆనించి కాళ్ళు ఆడిస్తోంది. లిమ్ కర్ర పక్కన పెట్టాడు.

ఫోను గుప్పిట్లో అదురుతోంది. ఎప్పటి నుంచి అదురుతోందో. తెర మీద ఎప్పుడూ చూడని పొడవాటి నంబరు.

"గోపీ." ఆమె గొంతే. "వచ్చేసినా. లోపలికి వచ్చేసినా. ఎయిర్‌పోర్టులో ఉండాను."

అతను రెండడుగులు వెనక్కి వేసి మెట్ల రెయిలింగు పట్టుకున్నాడు. ఏమీ కాలేదు కదా, ఒంటికి ఏమీ కాలేదు కదా అని అడుగుతున్నాడు, అడిగిందే అడుగుతున్నాడు. ఏంకాలేదు, విమానం నిలబడి ఉంది, ఇది ఎవరిదో ఫోను, ఫ్రెంచాయనది, ఎక్కువసేపు మాట్లాడకూడదు. సరే. సరే పెట్టేయి, ఎక్కు ముందు. ఆమె పెట్టలేదు. ఊపిరి వినిపిస్తోంది, దాని వెనక ఎక్కడో పసిబిడ్డ ఏడుపు, మైకులో ఫ్రెంచి.

"ఇబ్రహీమాను దింపేసినారు గోపీ."

దారిలో ఆపారట. మూడు కార్లూ. కొందరికి యూనిఫాం ఉంది, కొందరికి ప్యాంటే యూనిఫాం, పైన బనీను, ఎవరి మనుషులో ఆమెకి తెలియదు, కారులో ఉన్నవాళ్ళకీ తెలియదు. పాస్‌పోర్టులు చూశారు, తిరిగి ఇచ్చారు, మేడమ్ అన్నారు. తరవాత ఇబ్రహీమాను ఏదో అడిగారు, ఆయన ఏదో చెప్పాడు, మళ్ళీ అడిగారు. ఆయన మాట్లాడే భాషని బట్టి ఏ ఊరివాడో, ఏ జాతివాడో తెలుస్తుందని పక్కనున్న సెక్యూరిటీ మనిషి తరవాత చెప్పాడు. తలుపు తీశారు. ఆయన తాళంచెవి అలాగే ఉంచి దిగాడు. సెక్యూరిటీ మనిషి ఇటు జరిగి స్టీరింగు పట్టుకుని పోనిచ్చాడు, వెనక్కి చూడొద్దన్నాడు.

"తలుపు మీద చెయ్యి పెట్టినా గోపీ. దిగలా."

"నువ్వు దిగితే మాత్రం ఏం చేసేదానివి" అన్నాడు అతను. నిజమే అన్నాడు. అన్న వెంటనే ఆ మాట ఎంత తేలికగా వచ్చిందో వినిపించింది, నెలరోజులుగా చదివిన ఆ పేజీలన్నిటిలో ఉన్న మాటే అది.

"అదే. ఏం చేస్తాంటి. నువ్వు చెప్పు."

తడికాళ్ళ చప్పుడు, కీర్తిక పరిగెత్తుకొస్తోంది, చేతిలో నీళ్ళోడుతున్న షర్టు. అమ్మేనా, అమ్మేనా అని ఫోను లాక్కుంది. "ఐ పాస్ ఆల్రెడీ అమ్మా! కోచ్ సెడ్ మై ఫ్లోట్ వెరీ స్టెడీ లా." అవతలి నుంచి ఉదయశ్రీ గొంతు సన్నగా వినపడుతోంది, నా బంగారు, అంత బాగా చేసినావా, అంటోంది, ఎప్పటి గొంతుతోనే అంటోంది. కీర్తిక బొత్తాల సంగతి చెబుతోంది, లోపల అంతా తెల్లగా కనిపించిందని చెబుతోంది, వెన్ యూ కమింగ్ అని అడుగుతోంది. వింటూ కీర్తిక కళ్ళు గోపీకృష్ణ వైపు తిప్పింది. ఫోను ఇచ్చేస్తూ మెల్లిగా, "అమ్మ ఈజ్ హ్యాపీ, బట్ షీ ఈజ్ క్రయింగ్," అంది.

పిలుస్తున్నారు, పోవాలి, అంది ఉదయశ్రీ. పోతూ పోతూ, ఆయన కోసం ఎవరినైనా అడుగు గోపీ, రంగనాథ్‌ను అడుగు, లండన్ వాళ్ళను అడుగు, అంది. అడుగుతానన్నాడు. లైను తెగింది.

భానుమతిగారు కీర్తికని ఆడవాళ్ళ గదిలోకి తీసుకెళ్ళింది, తల తుడుస్తాను బాబూ, నువ్వు కూర్చో అంది. అతను కూర్చోలేదు. ఉదయ వస్తుంది. రేపు ఈపాటికి చాంగీ ఎయిర్‌పోర్టులో దిగుతుంది, ట్రాలీ తోసుకుంటూ వస్తుంది. ఆ సంతోషం మీద ఇంకేదో వచ్చి కూర్చుని దాన్ని సంతోషంలా ఉండనివ్వడం లేదు. రంగనాథ్‌కి ఫోన్ చేశాడు. ఆయన అప్పటికే విన్నాడు, దేవుడు మనవైపు ఉన్నాడు గోపీ అన్నాడు. డ్రైవరు సంగతి అడిగితే కంపెనీల లెక్క చెప్పాడు. ఆయన మన కంపెనీ కాదు, గని కంపెనీ కూడా కాదు, కార్లు అద్దెకిచ్చేవాళ్ళ మనిషి, ఆ అద్దె కంపెనీలో ఇప్పుడు ఫోను ఎత్తేవాడు లేడు. నేను అడుగుతాను అన్నాడు. ఎవరిని అడుగుతాడో ఇద్దరికీ తెలియలేదు.

లండన్ నంబరు నొక్కాడు. ఆ ఆడమనిషే ఎత్తింది. మీ శ్రీమతి క్షేమంగా చేరారని మాకు కబురు వచ్చింది సార్, మాకు చాలా సంతోషం, అంది. కృతజ్ఞతలు చెప్పాడు. తరవాత, దారిలో ఒకతన్ని దింపేశారు, అతని గురించి తెలుసుకోవాలి అన్నాడు. తప్పకుండా సార్, వివరాలు ఇవ్వండి. ఇబ్రహీమా అన్నాడు. ఆమె టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది, ఆగింది. ఆ పేరుతో అక్కడ వేలమంది ఉంటారు సార్, ఇంటిపేరు ఏమిటి. గోపీకృష్ణ నోరు తెరిచాడు. గోంగూర కూర తెచ్చాడు అని వచ్చింది నోటిదాకా. పొడుగ్గా ఉంటాడని ఉదయ ఎప్పుడైనా అందా, పొట్టిగా అందా, పిల్లలు ఎందరు, ఏ వీధి, నెలరోజులు ఆమె ప్రాణం ఆ చేతుల్లో పెట్టి పడుకున్నాడు తను, ఒక్కసారైనా అడిగాడా. ఉదయ ఇప్పటికి విమానం ఎక్కేసి ఉంటుంది, ఆమెకి తెలుసా. కొలనులో తరవాతి పిల్లల వరుస దూకింది, నీళ్ళు గట్టెక్కి అతని బూట్ల దాకా వచ్చాయి.

"పూర్తి పేరు చెప్పండి సార్," అని ఆమె మళ్ళీ, అంతే మర్యాదగా అడిగింది.